ఆరోగ్యవంతుడు నంబర్ మూడు

కంపెనీ, కాయిళ్ల గది
జూన్

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అంతా క్షేమమే. ట్రయల్ నడిచినన్నాళ్లూ కంపెనీవాళ్లూ ఆసుపత్రివాళ్లూ ఫలితాల గురించి ఫోన్లలోనూ మెయిళ్లలోనూ మాట్లాడుకోకూడదని మా నిబంధనల్లో రాశారు. ఉత్తరాల ఊసు లేదు. ఉత్తరం అనే వస్తువు ఒకటుందని రాసినవాళ్లకు గుర్తులేనట్టుంది. కాబట్టి మనం నిబంధనలు పాటిస్తున్నట్టే.

నీ ల్యాబుకు వచ్చిన పెట్టె నా నాలుగేళ్ల చాకిరీ. చూడటానికి చెప్పుల పెట్టెలా ఉంటుంది, నవ్వకు. గుండె కండరం దెబ్బతింటే ఒక ప్రొటీను రక్తంలోకి కారుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. మీరు ఆ రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపి రెండు రోజులు ఎదురుచూస్తారు. రోగికి అంత ఓపిక ఉండదు. ఇందులో అయితే వేలి చివర నుంచి ఒక్క చుక్క చాలు. ఆ చుక్కలో కంటికి కనపడని అయస్కాంత రేణువులు కలుపుతాం. వాటి ఒంటికి ఆ ప్రొటీనును పట్టుకునే పూత ఉంటుంది. పట్టుకున్నవి పట్టీ మీద ఒక గీత దగ్గర అతుక్కుపోతాయి, ఏమీ దొరకనివి కొట్టుకుపోతాయి. ఆ గీత కింద గోరంత కాయిల్ ఉంది. పైన ఎన్ని రేణువులు నిలబడితే కాయిల్‌లో కరెంటు నడక అంత మారుతుంది. పది నిమిషాల్లో అంకె చెబుతుంది.

రోగులవి మీరు ఎలాగూ పెద్ద ల్యాబుతో పోల్చి చూస్తారు. వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని పదిమంది కావాలి. వాళ్ల దగ్గర మెషిన్ సున్నా చూపించాలి. వారం వారం అదే పదిమంది. పేర్లు నాకు చెప్పకూడదు, నంబర్లే.

ఈ ట్రయల్ పోతే మా జట్టును ఎత్తేసి నన్ను కరెంటు మీటర్ల విభాగంలో కూర్చోబెడతామన్నారు. అన్నయ్యకు ఈ ముక్క చెప్పకు, మా డైరెక్టరుతో కుస్తీకి వస్తాడు.

నీ మరదలు

*

ఆసుపత్రి ల్యాబు, కింది అంతస్తు
జూలై

మరదలా,

నీ చెప్పుల పెట్టె మహిమ ఏమని చెప్పను. మొదటి రోజే మా ఆసుపత్రిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరూ లేరని తేల్చేసింది. నర్సుకు గుండెజబ్బు. తోటమాలికి గుండెజబ్బు. సూపరింటెండెంటు గారు ప్రారంభోత్సవం చేస్తానని ముచ్చటపడి వేలు చాచారు. ఆయన అంకె చూసి టెక్నీషియన్ అమ్మాయి కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసింది. ఆయన "నాకేం భయంలేదమ్మా" అంటూనే వెళ్లి బల్ల మీద పడుకున్నారు. ఈసీజీ తీశాం. గుండె గుర్రంలా ఉంది. అయినా సాయంత్రం దాకా లేవలేదు.

నీళ్ల గ్లాసు పెడితే దానికీ గుండె దెబ్బతిన్నదనే అంటుందేమో. నీ మీద నమ్మకంతో ఆ ప్రయోగం చెయ్యలేదు.

పదిమందినీ సిద్ధం చేశాను. అందరూ తమకు ఏ రోగమూ లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పినవాళ్లే. మీ ప్రణాళికలో ఆరోగ్యవంతుల రక్తం పెద్ద ల్యాబుకు పంపాలని లేదు, నోటిమాట చాలన్నారు. మంచిదే, నాకు పని తగ్గింది.

మీ అన్నయ్య మామూలే. స్కూల్లో పిల్లల్ని పరిగెత్తించి, ఇంటికొచ్చి ఈ తరానికి ఊపిరి లేదని ఉపన్యాసం. ఈయన మటుకు ఈమధ్య మైదానంలో కుర్చీ వేసుకుని ఈల ఊదుతున్నారట. డ్రిల్లు మాస్టారు హోదా పెరిగితే అలాగే ఉంటుందట.

మీ వదిన

*

కంపెనీ, కాయిళ్ల గది
జూలై

వదినా,

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. దాన్ని దేని మీద పెట్టారు? స్టీలు బల్ల మీదేనా? పక్కన ఫ్రిజ్ ఉందా? టెక్నీషియన్ అమ్మాయి చేతికి వాచీ ఉందా?

వదినా, అది కాయిల్. దగ్గరలో ఏ లోహం ఉన్నా పసిగడుతుంది. రక్తంలో రేణువులకూ కింద స్టీలు బల్లకూ తేడా చూడమని దానికి ఎంత నేర్పినా, బల్ల మరీ పెద్దది కదా. వాడే విధానం పుస్తకం పదకొండో పేజీలో లావు అక్షరాలతో రాశాను. ఆ పుస్తకం ఎవరూ చదవరని మా డైరెక్టరు ముందే అన్నాడు. ఆయన మాట నిజమైనందుకు నాకు ఎక్కువ బాధగా ఉంది.

చెక్కబల్ల మీదకు మార్చండి. వాచీలు, ఉంగరాలు, జేబులో తాళాలు అన్నీ దూరంగా పెట్టండి. సూపరింటెండెంటు గారికి నా క్షమాపణలు. ఆయన గుండె కాదు, ఆయన జేబులో తాళాలగుత్తి అనుకుంటాను.

అన్నయ్యను కుర్చీలోంచి లేపి పరిగెత్తించు. ఆ మనిషి కూర్చుంటే లావెక్కుతాడు.

నీ మరదలు

*

ఆసుపత్రి ల్యాబు
సెప్టెంబరు

మరదలా,

నీ పెట్టెను చెక్కబల్ల ఎక్కించాక బుద్ధిమంతురాలైంది. రోగులవి పెద్ద ల్యాబు అంకెలతో పక్కపక్కన పెట్టి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. మొన్న ఒక లారీ డ్రైవరు కడుపుమంట అంటూ వచ్చాడు. మందిచ్చి పంపేవాళ్లమే. అంకె చిన్నదే అయినా నీ మెషిన్ పది నిమిషాల్లో గొంతెత్తి అరిచింది. ఇప్పుడు వార్డులో కూర్చుని అందరికీ సలహాలిస్తున్నాడు. డాక్టరుగారు నీ పెట్టెను బిడ్డను నిమిరినట్టు నిమిరారు, ఉంగరం తీసే.

ఇంత పొగిడాక ఒక చిన్న ముల్లు. ఆరోగ్యవంతుల్లో తొమ్మిదిమంది సున్నా. మూడో నంబరు మాత్రం మొదటినుంచీ సున్నా కాదు. పెద్ద అంకె కాదు కానీ ఉంది. ఒక వారం తగ్గుతుంది, మరుసటి వారం ఇంకాస్త ఎక్కుతుంది. సూపరింటెండెంటు గారైతే "ఎవరో ఒకరికి అలా వస్తుందిలే" అన్నారు. ఆయన అనుభవం ఆయనది.

మూడో నంబరు ఎవరని అడగకు. చెప్పను. మనం ఎన్ని నిబంధనలు వంచినా ఇదొక్కటీ వంచను. మనిషి మాత్రం దుక్కలా ఉంటాడు. తన ఆరోగ్యం గురించి ఆయనకున్న నమ్మకం చూస్తే నీకూ నాకూ జబ్బున్నట్టు అనిపిస్తుంది.

మీ వదిన

*

కంపెనీ, కాయిళ్ల గది
సెప్టెంబరు

వదినా,

తొమ్మిదిమందికి సున్నా వచ్చిందని నేను పండగ చేసుకుంటుంటే డైరెక్టరు మిగిలిన ఆ ఒక్క మనిషినే పట్టుకున్నాడు. "జబ్బులేని మనిషికి జబ్బుందనే మెషిన్‌ని ఎవరు కొంటారమ్మా?" అని అందరి ముందూ అడిగాడు. నా ఉద్యోగం ఇప్పుడు ఎవరో తెలియని ఒక పెద్దమనిషి వేలి చివర వేలాడుతోంది.

ఆయనకు ఇనప్పెద్దమనిషి అని పేరు పెట్టాను. మా గదిలో అందరూ అలాగే అంటున్నారు. ఆయన్ని అడుగు: వెల్డింగు పని చేస్తాడా? ఇనుము మాత్రలు మింగుతాడా? చేతులు కడుక్కునే అలవాటుందా? వేలి మీద కాస్త ఇనపరజను ఉన్నా చాలు నా కొంప ముంచడానికి. వేడి వల్ల కూడా కాయిల్ తడబడుతుంది కాబట్టి దానికి తోడుగా ఇంకో కాయిల్ పంపుతున్నాను. రెండోదాని మీద రక్తం ఉండదు. రెండింటికీ ఉన్న తేడానే లెక్కలోకి తీసుకుంటుంది. గది వేడెక్కినా, లిఫ్టు కదిలినా రెండింటికీ సమానంగానే తగులుతుంది కదా.

ఇంత చేశాక కూడా ఆయన సున్నాకి రాకపోతే ఆయన్ని తీసేసి ఇంకెవరినైనా పెట్టు. ప్రపంచంలో ఆరోగ్యవంతులే కరువయ్యారా?

కోపం నీ మీద కాదు.

నీ మరదలు

*

ఆసుపత్రి ల్యాబు
అక్టోబరు

మరదలా,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. ఇనప్పెద్దమనిషి చేత సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగించాం. వాచీ, బెల్టు, జేబులో చిల్లర, అన్నీ బయట పెట్టించాం. బెల్టు తీసేసరికి ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు పాపం. వెల్డింగు లేదు, మాత్రలు లేవు. రెండో కాయిల్ కూడా బిగించాం.

అంకె మళ్లీ పెరిగింది.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు ప్యాంటు పట్టుకునే. అడగకూడదు నిజానికి. నేనూ చెప్పకూడదు. "మెషిన్ తప్పు చూపిస్తోంది, మీకేం లేదు" అన్నాను. ముఖం వెలిగిపోయింది. "నాకు తెలుసు. నా ఒంట్లో ఇనుముంది" అన్నాడు. నీ ముద్దుపేరు ఎవరు మోశారో ఏమో.

తీసేయమన్నావు. మధ్యలో తీసేస్తే ఎందుకు తీసేశామో రాయాలి. సున్నా రాలేదు కాబట్టి అని రాస్తే అది మోసం అవుతుంది. పైగా ఆయనే ఒప్పుకోవడం లేదు. ఏ వారమూ మానకుండా అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాడు.

మీ అన్నయ్య నిన్ను అడుగుతున్నారు. పొద్దుటి పరుగు మానేశారు. రోడ్డు తవ్వేశారట. నాకైతే రోడ్డు బాగానే కనపడింది. మగవాళ్లు బద్ధకానికి రోడ్డునైనా తవ్వేస్తారు.

మీ వదిన

*

కంపెనీ, కాయిళ్ల గది
నవంబరు

వదినా,

సమస్య తీరిపోయింది, సంతోషించు. డైరెక్టరు ఒక్క నిమిషంలో తేల్చేశాడు. జబ్బుందని చెప్పే హద్దును కాస్త పైకి జరపమన్నాడు, అంతే. హద్దుకు లోపల ఎంతొచ్చినా మెషిన్ సున్నా అని చూపిస్తుంది. జరిపాను. ఇనప్పెద్దమనిషి పాత అంకెలన్నీ కొత్త హద్దుతో మళ్లీ వేశాను. అన్నీ సున్నాలే. గదిలో చప్పట్లు కొట్టారు. కొత్త ప్రోగ్రాం చిప్పు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

ఇక్కడిదాకా రాసి మడత పెట్టాను. మళ్లీ విప్పాను.

వదినా, ఆ చిప్పు పెట్టకు.

కొత్త హద్దుతో మీ రోగుల అంకెలు కూడా వేసి చూశాను. వాళ్లలో ఇద్దరు మాయమయ్యారు. అందులో ఒకరు నీ లారీ డ్రైవరు. "ఇద్దరేగా" అన్నాడు డైరెక్టరు. ఆ మాట విన్నాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

అప్పుడు మూడో నంబరును మొదటినుంచి మళ్లీ చదివాను. బల్లైతే అందరికీ బల్లే. వేడైతే అందరికీ వేడే. పేరు పెట్టి ఒక్కరినే పట్టుకునే తప్పు కాయిల్‌కు చేతకాదు. మీరు పంపిన లెక్కల్లో, ఆయన రక్తం వెయ్యకముందు ఖాళీ పట్టీకి సున్నాయే ఉంది. రక్తంలో మామూలుగా ఉండే ఇనుము ఈ కాయిల్‌ను కదిలించలేదు. ఆ సంగతి నాకు నాలుగేళ్లుగా తెలుసు, తెలిసీ ఇనప్పెద్దమనిషి అని నవ్వాను. ఇక మిగిలింది ఒక్కటే దారి. రేణువులు ఏం పట్టుకోవాలో దాన్నే పట్టుకున్నాయి.

మెషిన్ తప్పని నిరూపించడానికి మనం పడని పాటు లేదు. ఒప్పేమో అని మాత్రం ఒక్కరమూ అడగలేదు.

ఆయన రక్తం ఇవాళే పెద్ద ల్యాబుకు పంపు. ప్రణాళికలో లేదంటే నా పేరు చెప్పు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయనకు భార్యాపిల్లలుంటే, ఇన్నాళ్లూ నేను వేసిన జోకులు వాళ్లకు తెలియనివ్వకు.

నీ మరదలు

*

ఆసుపత్రి, గుండె వార్డు ముందు బెంచీ
నవంబరు

మరదలా,

నిన్న ఫోన్లో సగమే చెప్పాను. మీ అన్నయ్యను ఆసుపత్రిలో చేర్చామనీ, ఆపరేషను తప్పదనీ, కంగారుపడొద్దనీ చెప్పాను. మిగతా సగం నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మూడో నంబరు మీ అన్నయ్యే.

నీ ఉత్తరం అందగానే చదివి, బల్ల మీద పెట్టి, నేరుగా స్కూలుకు వెళ్లాను. మైదానంలో కుర్చీలో కూర్చుని ఈల నోట్లో పెట్టుకుని ఉన్నారు. ఊదడం లేదు. "ఏంటి ఇలా వచ్చావ్?" అన్నారు. "లేవండి, వెళ్దాం" అన్నాను. ఎక్కడికని కూడా అడగలేదు. ఎప్పుడూ అన్నీ అడిగే మనిషి. 

పెద్ద ల్యాబు అంకె నీ మెషిన్ అంకెతో సరిపోయింది. కవలపిల్లలే. గుండెకు వెళ్లే రక్తనాళాల్లో మూడు మూసుకుపోయే దశలో ఉన్నాయట. డాక్టరుగారు "ఇంతకాలం ఎలా లాక్కొచ్చారు?" అని అడిగారు. నా వైపు చూడలేదు. ల్యాబు ఇన్‌ఛార్జి భర్తను ఆ మాట అడుగుతూ నా వైపు చూడకపోవడం ఆయన మర్యాద.

వేసవి నుంచే మెట్లెక్కితే ఛాతీ పట్టేసేదట. నాకు చెబితే హడావుడి చేస్తానని చెప్పలేదట. మరి ఆరోగ్యవంతుణ్నని ఎందుకు పేరిచ్చారంటే ఏమన్నారో విను. "చెల్లాయి మెషిన్ కదా. నాకేమైనా ఉంటే అదే చెబుతుంది, ఎవరికీ తెలియకుండా తెలుసుకోవచ్చు అనుకున్నా."

మెషిన్ చెప్పింది. వారం వారం చెప్పింది. ఆయన దాన్ని నమ్మడానికే వచ్చారు. ఆ మెషిన్ అబద్ధమని ప్రతిసారీ ఒట్టేసినట్టు చెప్పి ఇంటికి పంపింది ఎవరు? తయారుచేసినదానివి నువ్వు, దగ్గరుండి చూసినదాన్ని నేను. ఆయన ముఖం వెలిగిపోయిందని రాశాను చూడు, ఆ వెలుగు నేనిచ్చిందే.

నీకు పేరు చెప్పకుండా నిబంధన ఎంత బాగా కాపాడానో. చెప్పి ఉంటే మొదటి వారమే నువ్వు పరిగెత్తుకొచ్చేదానివి.

గురువారం ఆపరేషను. సెలవు పెట్టి రా. ఏడవకుండా రా.

మీ వదిన

*

గుండె వార్డు, కిటికీ పక్క మంచం
డిసెంబరు

చెల్లాయ్,

మీ వదిన రాయమని కాగితం ఇచ్చింది. చేతులతో ఏ బరువూ ఎత్తొద్దన్నారు, కలం బరువేమీ కాదులే అని రాస్తున్నాను. నువ్వు వచ్చి నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చుని ఒక్క మాట సరిగ్గా మాట్లాడకుండా వెళ్లిపోయావు. ఇదేం పద్ధతి? చిన్నప్పుడు నా సైకిలు తొక్కి పడిపోయినప్పుడు కూడా ఇలా మొహం వేలాడెయ్యలేదు నువ్వు.

నాకెవరి మీదా కోపం లేదు. నన్ను కాపాడింది కూడా మీరే కదా, కాస్త చుట్టు తిరిగొచ్చి. ఇనప్పెద్దమనిషి అనే పేరు మాత్రం బాగుంది. వార్డులో అందరికీ చెప్పుకున్నాను. తనిఖీకి వచ్చిన లారీ డ్రైవరు అసూయపడ్డాడు.

మీ డైరెక్టరు హద్దు జరపమని మళ్లీ అడిగితే నా దగ్గరికి పంపు. కుస్తీ పట్టడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది కానీ ఈల ఊదగలను.

డాక్టరు రోజూ నడవమన్నాడు, మెల్లగా. మెల్లగా నడవడం నాకెవరూ నేర్పలేదు. మీ వదిన నేర్పుతోంది. పక్కన నడుస్తూ నేను తొందరపడితే చెయ్యి పట్టుకుని లాగుతుంది. పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు చెయ్యి పట్టుకోలేదు.

మీ అన్నయ్య

*

కంపెనీ, కాయిళ్ల గది
జనవరి

వదినా,

హద్దు జరపనని డైరెక్టరుకు చెప్పేశాను. కరెంటు మీటర్లకు వెళ్లడానికి సామాను కూడా సర్దుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "అసలు హద్దు జరపాలని ఎవరన్నారు?" అని అడిగాడు. వదినా, ఆయన ముఖం పరీక్షగా చూశాను. అందులో అబద్ధం లేదు. నిజంగానే మర్చిపోయాడు.

ఇప్పుడు ప్రచార కాగితంలో మూడో నంబరే మొదటి పేజీ. "తనకు జబ్బుందని తనకే తెలియని వ్యక్తిని నెలల ముందే గుర్తించిన యంత్రం" అని రాశారు. గుర్తించిన మాట నిజమే. ఆ నెలలు మనం ఏం చేశామో రాయలేదు. రాయమన్నాను. చోటు సరిపోదన్నారు. తుది నివేదికలో మాత్రం నా భాగం నేనే రాశాను, మొత్తం, ఇనప్పెద్దమనిషి పేరుతో సహా. కొట్టేస్తే సంతకం పెట్టనన్నాను. కొట్టెయ్యలేదు. ఎందుకంటే ఎవరూ చదవలేదు. ఇకమీదట ఆరోగ్యవంతుల రక్తం కూడా పెద్ద ల్యాబుకు పంపాలని అందులోనే రాశాను. అదీ చదవకుండానే ఒప్పేసుకున్నారు. ఇప్పుడది నిబంధన.

రెండో విడత ట్రయల్ మొదలైంది. మళ్లీ పదిమంది ఆరోగ్యవంతులు కావాలి, ఈసారి మా ఆఫీసు నుంచే. పోయినసారి మా ఆఫీసులో "నన్ను తీసుకో, నన్ను తీసుకో" అని మీదపడ్డారు. ఇప్పుడు నేను పట్టీ చేత్తో పట్టుకుని వస్తుంటే చాలు, కారిడార్ ఖాళీ. అకౌంటెంటుకు వేలు నొప్పట. డైరెక్టరుకు మీటింగట. మెషిన్ తప్పు చెబుతుందని భయపడ్డప్పుడు అందరూ వచ్చారు. నిజం చెబుతుందని తెలిశాక ఒక్కరూ లేరు.

చివరికి నేనే కూర్చున్నాను. నాలుగేళ్లలో నా వేలు దాని మీద ఎప్పుడూ పెట్టలేదని అప్పుడు తెలిసింది. తీరికలేక అనుకునేదాన్ని. పది నిమిషాలు ఎంత పొడుగో నీ రోగులను అడిగితే చెబుతారు, నేను అడగలేదు. మొన్న మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చిందా, రాలేదా? అమ్మ వైపు ఎవరికైనా ఉందా? ఇలా ఏవేవో.

సున్నా వచ్చింది, వదినా.

కుర్చీలోంచి లేచాను. బల్ల కింద స్టీలుందేమోనని వంగి చూశాను. కాయిల్ తీగ ఊడిందేమోనని చూశాను. ఇంకో పట్టీ తీసి ఇంకో వేలు గుచ్చుకున్నాను.

మళ్లీ సున్నాయే. అయినా నమ్మకం కుదరక నా రక్తం నీ పెద్ద ల్యాబుకు పంపుతున్నాను. జవాబు వచ్చేదాకా అన్నయ్యకు చెప్పకు.

నీ మరదలు